తెలుఁగు వాక్యమున సముచ్చయ వికల్ప నిషేధములు

పద్యమునకు అర్థము చెప్పునపుడు మనము పెద్దపదములకై నిఘంటువులు వెదకుదుము గాని చిన్నపదముల జోలికిఁ బోము. ను, ఓ, ఏ, ఏని, కాని, లేక, తప్ప, కాదు, లేదు అనునట్టి మాటలు ప్రతిపదార్థమునఁ జోటు దొరకక జాఱిపోవుచుండును. కొన్నిటికిఁ బాదపూరణమను పేరును వచ్చుచుండును. నామపదములు వాక్యమునకు వస్తువు నిచ్చును. ఆ వస్తువును గూర్చి చెప్పినది నిజమో కల్లయో నిర్ణయించుటకు వలసిన కట్టుబాటు నిచ్చునవి మాత్ర మీ చిన్నమాటలే. ధర్మాసనమందలి తీర్పును, ఋణపత్రమందలి షరతును, కడలిమీఁదికిఁ బోవువాని ప్రాణమును నొక్కొకప్పుడు వీనిమీఁదనే యాధారపడియుండును. కావున వ్యాకరణమును దర్కమును జోడించి వీని స్వరూపమును విచారించుట యీ వ్యాసమునకు విషయము.

ఇట్టి విచారమునకు నెల్లూరిసీమ తగినచోటు. 13వ శతాబ్దమున మనుమసిద్ధి కొలువున మంత్రియై యుండిన తిక్కనసోమయాజి విరాటపర్వము మొదలు పదునైదు పర్వముల నాంధ్రీకరించెను. ఆయనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన కేతన, ఆంధ్రభాషాభూషణమను వ్యాకరణమును, విజ్ఞానేశ్వరీయమను ధర్మశాస్త్రగ్రంథమును గూడ రచించెను. భాషకు లక్షణము చెప్పినవాఁడే వ్యవహారమునకు ధర్మము చెప్పుట గమనింపఁదగినది. ఆ రెండు పనులకును మూలమొకటి కలదు: పలికిన మాట పలికినవాని నెంతవఱకుఁ గట్టివేయునో తెలిసికొనుట.

మొదట సముచ్చయము. సంస్కృతమునఁ జకారమునకు సముచ్చయము, అన్వాచయము, ఇతరేతరయోగము, సమాహారము అని నాలుగర్థములు చెప్పుదురు. తెలుఁగున నీ పనిలోఁ బెద్దపాలు నువర్ణకముది. "పడవయు వలయు సిద్ధముగా నున్నవి" అనినపుడు పడవ లేకున్నను వాక్యము కల్ల, వల లేకున్నను గల్ల, రెండును లేకున్నను గల్లయే. నాలుగు స్థితులలో నొక్కదానియందే యిది నిజము. ఇందు ముందువెనుకల నియమము లేదు. "వలయుఁ బడవయు" అనినను నర్థము మాఱదు. "వలవేసి చేపలు పట్టెను" అను వాక్యమునను రెండుపనులు జరిగినవి గాని, యక్కడి క్త్వార్థకము పూర్వకాలమును దెలుపును. తాఱుమాఱు చేసిన నర్థము చెడును. కావున రెండు వాక్యములను గలిపినదెల్ల సముచ్చయమే యని చెప్పుట పొరపాటు. క్త్వార్థకమున సముచ్చయముతోపాటు క్రమమును గలదు.

సముచ్చయమునందలి కఠినతను లోకము తఱచుగా మఱచును. "పదింట తొమ్మిది సరిగా నున్నవి, ఇంకేమి?" అనుట మనకలవాటు. నెల్లూరి తీరమునకు దక్షిణపుఁ గొసనున్న శ్రీహరికోట దీనికి నిదర్శనము. 2022లో జరిగిన పునర్విభజనతో నా దీవి తిరుపతిజిల్లాలోఁ జేరినది. అచ్చటినుండి 1979 ఆగస్టు 10వ తేదీన ఎస్.ఎల్.వి.-3 అను ఉపగ్రహవాహనమును మొదటిసారి ప్రయోగించిరి. ప్రయోగమునకుఁ గొన్ని నిమిషములు ముందు పరీక్షలు నడుపుచుండిన కంప్యూటరు ఆఁపుమని సూచించెను. నియంత్రణభాగమున లోపము కనఁబడినది. అది యంతగా బాధింపదని నిపుణులు తలఁపఁగాఁ బ్రయోగము సాగినది. రెండవ యంచె యదుపు తప్పి, వాహనము బంగాళాఖాతమునఁ బడినది. 1980 జులై 18వ తేదీన జరిగిన రెండవ ప్రయోగమే ఫలించినది. యంత్రమునకు విజ్ఞత యెక్కువయై యాఁపుమనలేదు; నువర్ణకముతో కట్టిన పెద్దవాక్యమున నొక్క యవయవము కల్లయైన వాక్యమంతయుఁ గల్ల యను నియమమును మాత్రమే పాటించినది. సభలో నధికసంఖ్య చెల్లును గాని సముచ్చయమునఁ జెల్లదు.

ఇఁక వికల్పము. తెలుఁగున దీనికి నాలుగు తెఱఁగులు గలవు. నాలుగింటి యర్థమును నొక్కటి కాదు. "అన్నయో తమ్ముఁడో వచ్చును" అనినపుడు వక్తకు సందేహము కలదు. ఇద్దఱిలో నొకఁడే వచ్చునని యతని తలంపు. "పత్రముగాని సాక్షినిగాని చూపుము" అనినపుడు ఒకటి చాలును. రెండును జూపిన నేరము లేదు. "పత్రమైనను జాలును, సాక్షియైనను జాలును" అనినపుడు పైకి వికల్పమువలెఁ గనఁబడినను లోపల నున్నది సముచ్చయమే: పత్రము చాలుననుటయు నిజము, సాక్షి చాలుననుటయు నిజము. నాలుగవది "పత్రము చూపుము, లేక సాక్షిని దెమ్ము" అనునది.

ఈ "లేక" యను మాటను కొంత నిదానించి చూడవలయును. ఇది పుట్టుకచే వ్యతిరేకక్త్వార్థకము; "లేనిదై" యని దీని యక్షరార్థము. అనఁగా "పత్రము లేనియెడల సాక్షి" యను షరతే గట్టిపడి వికల్పార్థకమైనది. నేఁటి తర్కశాస్త్రజ్ఞులు "అ గాని ఆ గాని" యను వాక్యమును "అ కానిచో ఆ" యను వాక్యముతో సమానముగాఁ గొందురు. ఆ సమానత్వమును మన భాష సూత్రముగాఁ జెప్పలేదు. మాట పుట్టుకలోనే దాఁచియుంచినది. "కాని" యనుటయు నట్లే నిషేధమునుండి పుట్టిన వికల్పము.

వికల్పము రెండును గలిసిన స్థితిని జేర్చుకొనునా, త్రోసివేయునా యను ప్రశ్న పాశ్చాత్యులకును వచ్చినది. జార్జి బూలు 1854లోఁ బ్రకటించిన చింతననియమ గ్రంథమున, వికల్పములోని రెండుపక్షములును బరస్పరము కలియనివని యెంచి తన గణితమును గట్టెను. తరువాత జెవన్సు రెండును గలిసిన స్థితిని జేర్చుకొనెను. నేఁటి శాస్త్రము జెవన్సు మార్గముననే నడుచుచున్నది. మన మీమాంసకులు వ్రీహియవముల యుదాహరణమున, ఒకటి గ్రహించిన రెండవది పోవునట్టి వికల్పమును జెప్పి, దాని కెనిమిది దోషములు చూపి, వేఱుగతి యున్నంతవఱకు వికల్పము నంగీకరింపరాదనిరి. తెలుఁగు వ్యవహారమున నోకారము త్రోసివేయుపక్షమునకును, "గాని" చేర్చుకొనుపక్షమునకును మొగ్గును. ఇది తప్పని నియమమని చెప్పను. కాని పత్రములు వ్రాయువారు ఒకదానికి బదులొకటి వాడుట క్షేమము కాదు.

భారతకథలో నీ వికల్పము ప్రాణము తీసినది. ద్రోణునితో ధర్మరాజు అశ్వత్థామ చచ్చెనని పలికి, చచ్చినది యేనుఁగని వినఁబడకుండ ననెను. లోకము దీనిని "నరుఁడో కుంజరమో" యను వికల్పముగాఁ జెప్పుకొనును. వికల్పముగాఁ గొన్నచోఁ దర్కదృష్టిచే నా వాక్యము కల్ల కాదు: ఒకపక్షము నిజమైన వికల్పమంతయు నిజము. అట్లయిన ధర్మజునకు దోషమెక్కడ? ఓకారము వక్తకు సందేహమున్నదని సూచించును. చచ్చినది యేనుఁగని యెఱిఁగినవాఁడు ఓకారము వాడినచో, నిజమైన వాక్యముతోనే యెదుటివాని మోసగించినవాఁ డగును. వాక్యము సత్యమగుట వేఱు. వక్త సత్యవంతుఁ డగుట వేఱు. ఈ భేదమును బాఠము చెప్పువారు విప్పి చూపినచో, ధర్మరాజు రథము నేలకు దిగెనను కథకు బాలురకును గారణము బోధపడును.

నిషేధమునకు వత్తము. తెలుఁగునకున్న గొప్ప సంపద "కాదు", "లేదు" అను రెండు వేఱుమాటలు. "ఇది యుప్పు కాదు" అనినపుడు ఒక వస్తువు మఱియొక వస్తువు కాదని చెప్పుచున్నాము. "ఇందులో నుప్పు లేదు" అనినపుడు ఒకచోట నొకవస్తువు లేకుండుటను జెప్పుచున్నాము. అన్నంభట్టు తర్కసంగ్రహమున నభావమును బ్రాగభావము, ప్రధ్వంసాభావము, అత్యంతాభావము, అన్యోన్యాభావము అని నాలుగుగా విభజించెను. అందు నాలుగవది "కాదు" నకుఁ జెందును. తక్కిన మూఁడును "లేదు" నకుఁ జెందును. సంస్కృతమున నొక్క నఞ్ మోయు బరువును మన యిల్లాలు వంటయింటిలో రెండుమాటలకుఁ బంచి యిచ్చుచున్నది. "ఉప్పు లేదు" అనవలసినచోట "ఉప్పు కాదు" అను తెలుఁగుబిడ్డ యుండఁడు. తర్కసంగ్రహమును బాఠము చెప్పు పండితులు అన్యోన్యాభావమును బోధించుటకుఁ గష్టపడనక్కఱలేదు. విద్యార్థి దానిని మాటలు నేర్చిననాఁడే నేర్చెను.

చిక్కు వచ్చునది నిషేధము సముచ్చయ వికల్పములతోఁ గలిసినపుడు. "తెల్లనివన్నియుఁ బాలు కావు" అను లోకోక్తికిఁ దెల్లనిది యొక్కటియుఁ బాలు కాదని యర్థము కాదు. తెల్లనివానిలోఁ గొన్ని పాలు కావని యర్థము. "వచ్చినవారందఱును భుజింపలేదు" అనిన నెవరును భుజింపలేదా, కొందఱు భుజింపలేదా? వ్రాఁతలో నిర్ణయము లేదు; పలుకునప్పటి యూనికయే నిర్ణయించును. ఇట్టిచోట్ల నిషేధము దేనిపైఁ బడినదో మొదట నిశ్చయింపవలయును. 1806లో మధురలో జన్మించి, పసితనముననే యింగ్లండు చేరిన అగస్టస్ డి మోర్గను పేర నేఁడు వెలయు రెండు నియమములు దీనికే సంబంధించినవి. "రెండును గలవు" అనుటను గాదన్నచో వచ్చునది "రెంటిలో నొకటియైనను లేదు" అని. "ఒకటియైనను గలదు" అనుటను గాదన్నచో వచ్చునది "రెండును లేవు" అని.

తెలుఁగున నొక విశేషమున్నది. "పత్రముగాని సాక్షిగాని లేదు" అనిన రెండును లేవనియే యర్థము. "పత్రమును సాక్షియు లేవు" అనినను నదే యర్థము. నువర్ణకము నిషేధమునకు లోఁబడక వెలుపల నిలిచి, పత్రమున కొక "లేదు", సాక్షికొక "లేదు" పంచిపెట్టును. "రెండును గలవనుట నిజము కాదు" అని మాత్రమే చెప్పఁదలఁచినవాఁడు అట్లే విప్పి చెప్పవలయును, పొట్టిదారి లేదు. బాలురకు సముచ్చయ మొకపాఠమున, వ్యతిరేకము మఱియొక పాఠమునఁ జెప్పి, రెండును గలిసిననాఁడేమగునో చెప్పకుండుట మన బోధనలోని కొఱఁత.

ఇది కేవలము పాఠశాలమాట కాదు. యాజ్ఞవల్క్యుఁడు వ్యవహారమున లిఖితము, భుక్తి, సాక్షులు అని మూఁడు ప్రమాణములు చెప్పి, వీనిలో "అన్యతమము" లేనపుడు దివ్యమని విధించెను. తుల, అగ్ని, జలము, విషము, కోశము అనునవి దివ్యములు. అన్యతమాభావమనఁగా నేమి? మూఁటిలో నేదో యొకటి లేకుండుట యనినచో, పత్రమును సాక్షులు నుండియు భుక్తి లేనివాఁడు సయితము కాలినయినుము చేతఁబట్టవలసివచ్చును. మూఁటిలో నొక్కటియు లేకుండుట యనినచో, మానుషప్రమాణ మే కొంచెమున్నను దివ్యముతోఁ బనిలేదు. మానుషప్రమాణములు లేనపుడే దివ్యమని విజ్ఞానేశ్వరుఁడు తన మితాక్షరలో వ్యాఖ్యానించినది రెండవపక్షము. ఆ మితాక్షరామార్గమునే కేతన తెలుఁగునకుఁ దెచ్చినది. తెలుఁగున నీ భేదమంతయు "ఒకటి లేనపుడు" అనుటకును, "ఒక్కటియు లేనపుడు" అనుటకును నడుమనున్న యొక్క యక్షరముది. ఆ "యు" కారమును బాదపూరణమనువాఁడు ఒకని చేయి కాల్చినవాఁడగును.

పిమ్మట షరతు. మన వ్యాకరణమున దీనికిఁ జేదర్థకమని పేరు. దాని ప్రక్కనే యప్యర్థకము కలదు. "వాన కురిసినఁ బంట పండును" అనునది మొదటిది. "వాన కురిసినను బంట పండదు" అనునది రెండవది. మొదట కారణకార్యముల ముడి. రెండవదానియం దా ముడి తెగినదని తెలుపుట. పద్యములలో ద్రుతము చేరునపుడు రెండురూపములును దగ్గఱపడి, యర్థనిర్ణయమునకు సందర్భమే శరణ్యమగును. "కురిసిన వాన" యనునపుడు అదే రూపము విశేషణమగును. ఒక్క రూపమునకు నింతపని యున్నప్పుడు వ్యాఖ్యాత యెంత మేల్కొనియుండవలయునో చెప్పనక్కఱలేదు.

సభాపర్వమున ద్రౌపది పంపిన ప్రశ్నను నీ దృష్టితోఁ జదువవలయును. రాజు మొదటఁ దన్నోడెనా, నన్నోడెనా యని యామె యడిగినది. దానివెనుకనున్న యనుమానము చేదర్థకము: తన్నుఁ దానోడినచో నన్నొడ్డుట కధికారము లేదు. భీష్ముఁడీ మాటను గాదనలేదు. ధనము లేనివాఁడు పరధన మొడ్డఁజాలఁడని యొప్పుకొనియే, భార్య భర్తకు వశవర్తిని యగుటచే నిర్ణయింపలేకున్నాననెను. అనఁగా నాయన సందేహ మప్యర్థకము: తన్నోడినను భర్తృత్వము పోవునా? సభయంతయుఁ జిక్కుకొన్నది "ఓడిన" అనుటకును "ఓడినను" అనుటకును నడుమ. ద్రౌపది వాదమును రోషముగా మాత్రమే వర్ణించు వ్యాఖ్యానములు ఆమె తార్కికప్రజ్ఞకు నన్యాయము చేయుచున్నవి. ఆమె ప్రశ్నకు సభ యుత్తర మీయకపోవుటయే యా ప్రశ్న బలము.

షరతును దలక్రిందులు చేయుట లోకమున మిక్కిలి వ్యాపించిన దోషము. పొగయున్నచో నిప్పుండును; నిప్పున్నచోఁ బొగ యుండవలెనని లేదు; కాలిన యినుపగుండు నందు నిప్పున్నను బొగ లేదు. తడికట్టెల సంయోగమను నుపాధి యుండిననే నిప్పునుండి పొగ వచ్చునని నైయాయికులు తేల్చిరి. దీనినే మన తీరమున కన్వయింతము. "తుపాను వచ్చినఁ గడలి పొంగును" అనునది తరతరముల యనుభవము. "కడలి పొంగవలెనన్నఁ దుపాను రావలయును" అనుకొనుట యా యనుభవమును దలక్రిందులు చేయుట. 2004 డిసెంబరు 26వ తేదీ యుదయమునఁ దుపాను లేదు. సుమత్రా చెంత సముద్రగర్భమునఁ గలిగిన భూకంపముచేఁ గడలి పొంగి నెల్లూరి తీరగ్రామములమీఁదికి వచ్చినది. ఆకసమును జూచి నిశ్చింతగానుండుట కాధారమగు వ్యాప్తి యేదియు లేదు.

రేవులలో నెగురవేయు తుపాను సూచనల విషయమును నిట్టిదే. మన దేశపు రేవులలో నీ సూచనలు 1 మొదలు 11 వఱకు సంఖ్యలతో నుండును. "సూచన యెత్తినచో వేఁటకుఁ బోరాదు" అను నియమము కలదనుకొందము. దీనినుండి "సూచన యెత్తలేదు, కావునఁ బోవచ్చును" అని తేల్చుట తర్కము కాదు. "వేఁటకుఁ బోవచ్చునన్నచో సూచన యెత్తలేదన్నమాట" అనునది మాత్రమే సిద్ధించును; నైయాయికులు వ్యతిరేకవ్యాప్తి యని చెప్పునది యిదియే. మొదటి తేల్పు సరియగుటకు నియమము "సూచన యెత్తిననే పోరాదు" అని యుండవలయును. మరల నొక్క యక్షరము: ఏకారము.

ఈ యవధారణార్థకమును గూర్చి మన పెద్దలు చేసిన విచారము సూక్ష్మమైనది. అయోగవ్యవచ్ఛేదము, అన్యయోగవ్యవచ్ఛేదము, అత్యంతాయోగవ్యవచ్ఛేదము అని యేవకారమునకు మూఁడుపనులు చెప్పిరి. "కడలినీరు ఉప్పనిదే" అనినపుడు కడలినీటి కుప్పదనము లేకుండుటను ద్రోసివేయుచున్నాము. ఇతరవస్తువులును నుప్పగా నుండవచ్చును. "సరంగే పడవ నడుపును" అనినపుడు ఇతరులను ద్రోసివేయుచున్నాము. "పెన్నకు వఱద వచ్చుట కలదే" అనినపుడు ఎన్నఁడును రాదనుటను మాత్రమే త్రోసివేయుచున్నాము. ఏకార మే పదముపై నిలిచినదో దానినిబట్టి వాక్యముయొక్క హద్దు మాఱుచుండును.

"తప్ప" యను మాటయు నిట్టిదే. అది రెండువాక్యముల నొకటిగా మడిచి చెప్పును. మన తీరమునకే యుత్తరముననున్న మోటుపల్లిలోఁ గాకతి గణపతిదేవుఁడు 1244లో వేయించిన యభయశాసనము దీనికుదాహరణము. గాలివానకుఁ జిక్కి యొడ్డునఁబడిన యోడలలోని సరకునెల్లఁ బూర్వరాజులు బలిమిఁ గైకొనుచుండిరనియు, తాను సుంకము తప్ప మఱేమియుఁ గొననియు నతఁడు ప్రకటించెను. ఇందు "సుంకము గొందును" అనునదొకటి, "సుంకము కానిది గొనను" అనునదొకటి. రెండును నువర్ణకముతోఁ గట్టుబడినవి. ఓడబేరగాండ్రు ఆశ పెట్టుకొన్నది రెండవదానిమీఁద.

1858 నాఁటి బాలవ్యాకరణమును, తరువాతి పాఠశాలావ్యాకరణములును నీ రూపముల సిద్ధినిఁ జక్కగాఁ జెప్పినవి; చేదర్థకాది నామములు మనకు వాడుకయైనవి. రూపసిద్ధి చెప్పుట వ్యాకరణమునకుఁ దగిన పని గనుక నీ విషయమున దానిని నిందింపఁబనిలేదు. ఆ రూపములు చేరినపుడు సత్యాసత్యములెట్లు మాఱునో చెప్పుపనిని దర్కము చేయవలయును. మన పాఠశాలలలోఁ దర్కము సంస్కృతమునకే పరిమితమై, తెలుఁగు వాక్యమును ముట్టుకొనలేదు. ఘటపటములతోఁ జెప్పిన నియమములను వలలతోను బత్రములతోను మరలఁ జెప్పినచో విద్యార్థికిఁ దన మాటయే తనకు శాస్త్రమగును. "ఒకటి లేదు, ఒక్కటియు లేదు, ఎత్తిన, ఎత్తిననే, ఓడిన, ఓడినను" అను జంటలను బలకమీఁద వ్రాయించి, ప్రతిజంటకును నిజమగు స్థితులను గల్లయగు స్థితులను వేఱుచేసి చెప్పించుట యొక్క గంట పని. వ్యాకరణబోధకు లీ గంటను గేటాయించి, తమ యనుభవములను విద్వాంసులకుఁ దెలుపుదురుగాక.